సైన్యానికి కొత్త ట్యాంకు కొనిపెట్టేవారికి ముత్యాల్లాంటి సలహాలు

ముందుగా అభినందనలు. సైన్యానికి కొత్త ట్యాంకో, కవచ వాహనమో తయారు చేయించే ప్రాజెక్టుకు మిమ్మల్ని అధిపతిని చేశారు. ఏసీ గది ఇచ్చారు, కారిచ్చారు, వేల కోట్ల బడ్జెట్టు చేతిలో పెట్టారు. ఈ కుర్చీలో కొత్తగా కూర్చున్నవారు చేసే తెలివితక్కువ పని ఒకటుంది. బండి బాగా నడవాలని కోరుకుంటారు. బండి నడపడం డ్రైవరు పని. ప్రాజెక్టు నడపడం మీ పని. ఈ రెండింటికీ పెద్దగా చుట్టరికం లేదని నూరేళ్లకు పైబడిన అనుభవం చెబుతోంది.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని ఫ్లెర్స్ దగ్గర ప్రపంచంలో మొట్టమొదటిసారిగా ట్యాంకులు యుద్ధానికి దిగాయి. బ్రిటన్ 49 ట్యాంకులు కేటాయిస్తే, దాడి మొదలయ్యే గీత దాకా చేరుకున్నవి 32. లోపల ఇంజిన్ వేడి, పొగ, పెట్రోలు ఆవిరి. కొందరు సిబ్బంది బయటికొచ్చి స్పృహ తప్పేవారు. అయినా ట్యాంకుల తయారీ ఆగిందా? లేదు కదా! కాబట్టి ధైర్యంగా ఉండండి. కింది సూత్రాలన్నీ పెద్ద పెద్ద దేశాలు పాటించి చూసినవే.

1. ముందు ఆర్డరు, తర్వాత బండి

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని లోకం ఎగతాళి చేస్తుంది. చేయనివ్వండి. మన రంగంలో అదే పద్ధతి. బ్రిటన్ వారి కవెనాంటర్ ట్యాంకును చూడండి. 1939 ఏప్రిల్లో, నమూనా బండి ఒక్కటీ తయారు కాకముందే, కాగితం మీది బొమ్మ చూసి 100 ట్యాంకులకు ఆర్డరు ఇచ్చేశారు. ఆ వెంటనే ఆర్డర్లు ఇంకా పెరిగాయి. పని అప్పగించింది ఎవరికనుకున్నారు? లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ అనే రైల్వే కంపెనీకి. యుద్ధం ముంచుకొస్తోంది కదా, తొందర సహజమే అంటారా? తొందర ఉన్నప్పుడు కొన్న వస్తువు పనిచేయకపోతే తొందర రెట్టింపవుతుందని మీరు గుర్తుచేయబోతున్నారు. దయచేసి ఆ వాక్యం ఫైలులో రాయకండి.

ముందే ఆర్డరివ్వడంలో పెద్ద సౌలభ్యం ఉంది. తర్వాత పరీక్షల్లో ఏ లోపం బయటపడినా, ‘ఇప్పుడెలా ఆపుతాం, ఫ్యాక్టరీ లైను కదిలిపోయింది’ అనవచ్చు. కవెనాంటర్లు ఆ లెక్కన 1,771 తయారయ్యాయి. చెప్పుకోదగ్గ ఒక్క ట్యాంకు యుద్ధమూ చేయకుండానే 1943కల్లా పనికిరానివన్నారు. అప్పటిదాకా కుర్రాళ్లకు శిక్షణ ఇవ్వడానికి వాడుకున్నారు. శిక్షణ మాత్రం బ్రహ్మాండంగా దొరికి ఉంటుంది, ముఖ్యంగా రిపేర్లలో.

2. ఒక్క గుణం పట్టుకుని వేలాడండి

బండికి అన్ని గుణాలూ కుదరాలంటే కష్టం. ఒక్కటి ఎంచుకోండి, మిగిలినవన్నీ దానికి బలివ్వండి. కవెనాంటర్ రూపకర్తలు ఎంచుకున్నది ఎత్తు. ట్యాంకు ఎంత కురచగా ఉంటే శత్రువుకు అంత తక్కువ కనిపిస్తుంది. మంచి ఆలోచనే. అందుకోసం సిలిండర్లు రెండు వైపులా పడుకుని ఉండే వెడల్పాటి 12 సిలిండర్ల ఇంజిన్‌ను వెనక అమర్చారు. ఇంజిన్, గేర్లు కలిసి వెనకభాగం మొత్తం ఆక్రమించేశాయి. ఇక రేడియేటర్లకు చోటేదీ? ముందు భాగంలో ఎడమపక్క, డ్రైవరు పక్కనే పెట్టారు.

ఇంజిన్ వెనక, రేడియేటరు ముందు. మరి నీళ్లు అటూ ఇటూ తిరగాలి కదా! గొట్టాలను మనుషులు కూర్చునే గది గుండా లాగారు. మరిగే నీళ్ల గొట్టాలు లోపల, ఇనుప పెట్టె బయట, మధ్యలో నలుగురు సైనికులు. ఇంజిన్ ఎలాగూ చల్లబడలేదు, సైనికులు మాత్రం వేడెక్కారు. రేడియేటర్ల పైమూతలేమో బండి ముందుభాగంలోనే, శత్రువు గురిపెట్టే దిక్కున. ఈ బండిని ఎడారి యుద్ధానికి పంపాలన్న ఆలోచన ఎందుకు ముందుకు సాగలేదో వేరే చెప్పాలా? అయినా మీరు దిగులుపడకండి. కొలత టేపు పెట్టి చూస్తే ఎత్తు తక్కువే. మీరిచ్చిన మాట మీరు నిలబెట్టుకున్నట్టే.

3. కోరికల చిట్టా పొడుగ్గా ఉండాలి

బ్రిటన్ సైన్యంలో 1970లలో వచ్చిన సిమిటార్ అనే చిన్న గస్తీ బండి ఉండేది. బరువు దాదాపు 8 టన్నులు. ముందుగా వెళ్లి శత్రువును చూసి రావడం దాని పని. దాని స్థానంలోకి వస్తున్నదే ఏజాక్స్. 2010లో జనరల్ డైనమిక్స్ యూకేను ఎంచుకున్నారు, 2014లో 589 బండ్లకు ఆర్డరిచ్చారు. ఒప్పందం విలువ 550 కోట్ల పౌండ్ల పైమాట. స్పెయిన్, ఆస్ట్రియాలు వాడుతున్న పాత నమూనా ఒకటి చేతిలో ఉంది, దాన్నే కాస్త మారుస్తాం అన్నారు. ఆ ‘కాస్త’ వివరాలు రాస్తే సైన్యం కోరికలు సుమారు 1,200 అయ్యాయని ఆ దేశపు ఆడిట్ కార్యాలయం లెక్కగట్టింది. కొత్త 40 మిల్లీమీటర్ల ఫిరంగి, కొత్త టరెట్, కొత్త ఎలక్ట్రానిక్స్, ఒకే బండికి ఆరు రూపాలు. చివరికి గూఢచారి బరువు 38 టన్నులు దాటింది.

మన దేశంలోనూ ఈ విద్యకు కొదవ లేదు. అర్జున్ ట్యాంకుకు 1974లో 15.50 కోట్ల రూపాయలతో అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత ప్రపంచంలో కొత్త ట్యాంకు వచ్చినప్పుడల్లా సైన్యానికి కొత్త కోరిక పుట్టింది. ఫిరంగి పెద్దదైంది, కవచం మందమైంది. స్వదేశీ ఇంజిన్ అనుకున్నది కుదరక జర్మనీ ఇంజిన్ వచ్చి కూర్చుంది. 1995లో అభివృద్ధి ప్రాజెక్టు ముగిసేసరికి లెక్క 305.60 కోట్లు. మొదటి జట్టు సైన్యం చేతికి అందింది 2004లో, ముప్ఫై ఏళ్ల తర్వాత. అన్నట్టు, అందరూ బాగుందన్న దాని కంచన్ కవచం మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ శాస్త్రజ్ఞులు చేసినది. అలా బాగా కుదిరిన భాగాల గురించి ఎక్కువ మాట్లాడకండి. మిగతావి ఎందుకు కుదరలేదని అడుగుతారు.

4. బరువు పెంచండి, గేర్లు మాత్రం అవే ఉంచండి

ఈ సూత్రానికి పితామహులు జర్మన్లు. పాంథర్ ట్యాంకు 30, 35 టన్నుల మధ్య ఉండాలని మొదలుపెట్టారు. ముందుకవచం చాలదు, ఇంకా మందం పెంచమని హిట్లర్ అన్నాడు. పెంచారు. బరువు 45 టన్నుల దగ్గర తేలింది. అయితే ఇంజిన్ బలాన్ని చివరగా చక్రానికి అందించే గేర్ల పెట్టె మాత్రం ఆ బరువుకు తగ్గది కాదు. మెరుగైన పళ్లచక్రాలు కోసే యంత్రాలు చాలినన్ని లేవని, తేలిగ్గా తయారయ్యే సాదా పళ్లచక్రాలతోనే సరిపెట్టారు. యుద్ధం అయ్యాక కొన్ని పాంథర్లను ఫ్రెంచి సైన్యం వాడి, 1947లో నివేదిక రాసింది: ఆ గేర్ల సగటు ఆయుష్షు 150 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి బయల్దేరితే విజయవాడ చేరవన్నమాట. మధ్యలో సూర్యాపేట దాటాక ఎక్కడో గేర్లు దిగబడతాయి.

ఇంకొక ముచ్చట. నదులు దాటాలని ఇంజిన్ గదిలోకి నీరు చొరకుండా బిగించారు. నీటితోపాటు గాలీ చొరలేదు. ఇంజిన్లు కాగి అంటుకునేవి. నీటిలో మునగకుండా కాపాడబోయి నేలమీదే కాల్చుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు, దానికి ఇంజనీరింగు తెలియాలి.

5. తేదీ ముందు ఖాయం చేయండి

పాంథర్ నమూనాను 1942 మేలో ఎంచుకున్నారు, 1943 జనవరికి ఫ్యాక్టరీల్లోంచి బయటికొస్తోంది. ఎనిమిది నెలలు! రష్యాలోని కూర్స్క్ దగ్గర పెద్ద దాడికి పథకం వేశారు. కొత్త ట్యాంకులు రావాలని దాడినే వాయిదాల మీద వాయిదాలు వేశారు. మే మొదటివారంలో మ్యూనిక్‌లో జరిగిన సమావేశంలో ట్యాంకు దళాల పర్యవేక్షకుడు గుడేరియన్ లేచి, పాంథర్ లోపాలు అప్పటికి తీరవు అని చెప్పాడు. విన్నారు, తల ఊపారు. ఈ తల ఊపడం బాగా అభ్యాసం చేయండి.

జూలై 5న దాడి మొదలైంది. 200 పాంథర్లు వచ్చాయి. రైలు దిగి యుద్ధభూమికి నడిచే దారిలోనే కొన్నింటి ఇంజిన్లు అంటుకున్నాయి. 10వ తేదీ సాయంత్రానికి ముందు వరుసలో పోరాడగలిగే స్థితిలో మిగిలినవి 10. కొన్ని మందుపాతరలకు, కొన్ని రష్యన్ గుళ్లకు పోయాయి, చాలా వాటిని సొంత యంత్రాలే ఆపేశాయి. దాడిని వాయిదా వేసిన ఆ రెండు నెలల్లో సోవియట్ సైన్యం ఏం చేసింది? కందకాలు తవ్వింది, మందుపాతరలు నాటింది. అయినా మీ తప్పేమీ లేదు. తేదీకి బండి అందించారు కదా.

6. చెవులు మూసుకోండి (సిబ్బందివి కాదు, మీవి)

ఇది అన్నిటికంటే ముఖ్యమైన సలహా. కాబట్టి మళ్లీ ఏజాక్స్ దగ్గరికి వద్దాం.

కొత్త బండిలో లోపాన్ని మొదట కనిపెట్టే పరికరం ప్రయోగశాలలో ఉండదు. అది లోపల కూర్చున్న మనిషి ఒళ్లు. డోర్సెట్‌లోని బోవింగ్టన్ దగ్గర ఏజాక్స్‌ను పరీక్షించిన సైనికులు దిగి, చెవుల్లో గుయ్‌మంటోందన్నారు, కీళ్లు నొప్పులన్నారు. బండి ట్రాకులు, సస్పెన్షన్, ఇంజిన్ అమరిక అన్నీ కలిసి ఒంటిని కుదిపేస్తుంటే, పైగా హెడ్‌సెట్‌లోంచి వచ్చే రొద. వెల్డింగ్ సరిగా లేకపోవడం, వైర్లు ఒక బండిలో ఒకలా, ఇంకో బండిలో ఇంకోలా పోవడం కూడా తోడయ్యాయి. కంపనం తగ్గాలంటే డిజైన్ మార్చాలని 2018 డిసెంబరులోనే ఒక భద్రతా నోటీసు చెప్పింది. 2020లో రక్షణ శాఖలోని భద్రతా విభాగమూ హెచ్చరించింది. మీలాంటి పెద్దలు ఎంత నిబ్బరంగా ఉన్నారో చూడండి: పరీక్షలు మొదటిసారి ఆగింది 2020 నవంబరులో. మళ్లీ మొదలై, 2021 జూన్‌లో మళ్లీ ఆగాయి.

ఈలోపు చేసిన సర్దుబాట్లు మీరు నోట్‌బుక్‌లో రాసుకోదగ్గవి. వేగం గంటకు 32 కిలోమీటర్లు దాటకూడదు. 20 సెంటీమీటర్ల కంటే ఎత్తున్న అడ్డు మీదుగా రివర్సు చేయకూడదు. లోపల మనుషులు 105 నిమిషాలకు మించి ఉండకూడదు. అప్పట్లో బయటికి పొక్కిన ప్రభుత్వ నివేదికలోని షరతులివి. శత్రువు కూడా గంటా నలభై అయిదు నిమిషాల్లో ముగించుకుని ఇంటికెళ్తాడన్న నమ్మకం మీద కట్టిన యుద్ధవ్యూహం ఇది.

2021 డిసెంబరులో రక్షణ శాఖ అధికారి డేవిడ్ కింగ్ నివేదిక వచ్చింది. ఆ రొదకు, కుదుపుకు గురైనవారు 310 మంది. చాలామంది తిరిగి డ్యూటీలో చేరారు. అప్పటికి 17 మంది చెవుల వైద్యుల దగ్గర చికిత్సలో ఉన్నారు. నలుగురిని ఇక దీర్ఘకాలం రొదకు దూరంగా ఉంచాలన్నారు. అదే డిసెంబరు నాటికి కంపెనీకి చెల్లించింది 320 కోట్ల పౌండ్లు, సైన్యానికి అందింది శిక్షణకు 26 బండ్లు. ఈ అంకెలు పక్కపక్కన ఒకే పేజీలో రాకుండా చూసుకోవడం మీ గుమాస్తాల బాధ్యత.

7. పరీక్షలో నీళ్లు వాడండి

పరీక్షలంటే భయం వద్దు. ప్రశ్నపత్రం మీరే రాసుకోవచ్చు. అమెరికాలో బ్రాడ్లీ అనే బండి వచ్చినప్పుడు జేమ్స్ బర్టన్ అనే వైమానిక దళ కల్నల్ ఒక వింత కోరిక కోరాడు. నిజంగా ఇంధనం నింపి, నిజంగా మందుగుండు పెట్టి, శత్రువు వాడే ఆయుధంతో కొట్టి చూద్దామన్నాడు. అంతకుముందు ఇంధన ట్యాంకుల్లో నీళ్లు, మందుగుండు స్థానంలో ఇసుక పెట్టి పరీక్షించబోయారని ఆయన ఆ తర్వాత తన పుస్తకంలో రాశాడు. నీళ్లు అంటుకోవు, ఇసుక పేలదు. ఇంత తేలికైన ఉపాయం ఆయనకు నచ్చలేదు. బదిలీ చేయబోతే కాంగ్రెస్ సభ్యులు అడ్డుపడ్డారు. 1986లో ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు.

అయితే ఒక్క హెచ్చరిక. ఆయన పట్టుబట్టిన పరీక్షలు చివరికి జరిగాయి, నిజంగా కాల్చి చూడాలని చట్టమే వచ్చింది. ఆ ఫలితాలు చూసి బ్రాడ్లీకి కవచం పెంచారు, లోపలి గోడలకు తునకలు ఎగరకుండా అస్తరు వేశారు, మందుగుండు పెట్టే చోటు మార్చారు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాకీల చేతిలో పోయిన బ్రాడ్లీల కంటే సొంతవాళ్ల తూటాలకు పోయినవే ఎక్కువ. నిజమైన పరీక్ష వల్ల జరిగే నష్టం ఇదే. బండి బాగుపడుతుంది, పెద్దల పరువు పోతుంది.

8. చెడిపోతే మద్దెలను తిట్టండి

2022 డిసెంబరులో జర్మనీ సైన్యం నాటో దళానికి పంపేందుకు సాధన చేస్తుండగా, కొత్త పూమా బండ్లు పద్దెనిమిదికి పద్దెనిమిదీ మొరాయించాయి. రక్షణ మంత్రి లాంబ్రెక్ట్ కొత్త కొనుగోలు ఆపేసి, 1971 నుంచి నడుస్తున్న పాత మార్డర్లను పంపించారు. కంపెనీలు పరిశీలించి, చాలావరకు చిన్నచిన్న లోపాలే అన్నాయి. బండి ఆగడానికి చిన్న లోపం చాలు కదా అని సిబ్బంది అనుకుంటారు. అనుకోనివ్వండి. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఉండనే ఉంది. ఎవరు ఆడేవారో, ఏది మద్దెలో చెప్పే హక్కు మీది.

వాతావరణాన్ని కూడా తిట్టవచ్చు. మనం రష్యా నుంచి తెచ్చుకున్న టీ-90 ట్యాంకుల రాత్రి కెమెరాలు థార్ ఎడారి వేడికి మొరాయించాయి. చల్లటి దేశపు బండిని వేడి దేశంలో వాడితే ఇంతే అని సరిపెట్టుకోవచ్చు. కొనేటప్పుడు రాజస్థాన్ ఎక్కడుందో ఎవరికీ తెలియదన్న సంగతి ఎత్తకండి.

9. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని

1941లో వాక్స్‌హాల్ అనే బ్రిటిష్ కంపెనీ ఒక ఘోరం చేసింది. వారి చర్చిల్ ట్యాంకు కూడా తొందర్లో కాగితం మీంచి ఆర్డరైనదే, లోపాల పుట్టే. అయితే ఆ కంపెనీ ట్యాంకుతోపాటు ఇచ్చే పుస్తకంలో ఒక కాగితం పెట్టి, సైనికులతో నేరుగా ఉన్నమాట చెప్పేసింది. ఈ బండిలో ఇవి సరిగా లేవని మాకు తెలుసు, అవసరం ముంచుకొస్తోంది కనుక ఉన్నది ఉన్నట్టు ఇవ్వమన్నారు, వీటిని సరిచేస్తాం, అంతవరకు ఫలానా జాగ్రత్త పడండి అంది. కొనుగోలుదారుకు అమ్మేవాడు లోపాల జాబితా చేతికివ్వడం కలియుగంలో ఎక్కడైనా ఉందా!

ఫలితం చూడండి. సైనికులు మాటిమాటికీ ఎక్కడ చెడుతుందో తెలుసుకుని కాచుకున్నారు. తొలి ట్యాంకులను ఫ్యాక్టరీకి తిరిగి రప్పించి బాగుచేశారు. 1943 ఏప్రిల్లో ట్యునీషియాలోని లాంగ్‌స్టాప్ కొండ మీదికి, ట్యాంకు ఎక్కలేదనుకున్న ఏటవాలు మీదికి, అదే చర్చిల్ ఎక్కి కూర్చుంది. అంటే లోపాలతో పుట్టిన బండి కూడా బాగుపడుతుందని రుజువైపోయింది. అప్పుడు మిగిలిన ప్రాజెక్టుల పెద్దలు ఏమని సమాధానం చెప్పుకోవాలి?

10. నింద అందరికీ సమానంగా పంచండి

ఏజాక్స్‌లో సమాచారం పైకి ఎందుకు చేరలేదో తేల్చమని క్లైవ్ షెల్డన్ అనే న్యాయవాదిని నియమించారు. ఆయన నివేదిక 2023 జూన్‌లో వచ్చింది. విభాగానికీ విభాగానికీ మాటలు సాగలేదు, చెడువార్త చెప్పడానికి జనం జంకారు, అంతా బాగవుతుందన్న ఆశావాదం మితిమీరింది అన్నది సారాంశం. తిలాపాపం తలా పిడికెడు. పిడికెడు పాపానికి ఎవరి ఉద్యోగమూ పోదు కాబట్టి, మీ ప్రాజెక్టులో కమిటీలు ఎన్ని ఉంటే అంత మంచిది.

చివరగా, ప్రారంభోత్సవం గురించి. బండి సిద్ధమయ్యేదాకా ఆగి ప్రకటించాలన్న చాదస్తం వద్దు. భద్రమేనన్న హామీ పొందాకే, 2025 నవంబరు 6న, ఏజాక్స్ తొలిదశ సేవకు సిద్ధమని బ్రిటన్ మంత్రి ప్రకటించారు. అదే నెల 22న సాలిస్‌బరీ మైదానంలో విన్యాసాలు చేస్తూ సుమారు 30 మంది సైనికులు రొదకు, కుదుపుకు అస్వస్థులయ్యారు. బండ్ల వాడకం మళ్లీ ఆగింది. హామీ రాసినవారికి చెవి నొప్పి రాలేదు, ఎందుకంటే హామీలు రాసేది బల్ల మీద.

కాబట్టి ఈ సలహాలన్నీ మరిచిపోయినా ఒక్కటి గుర్తుంచుకోండి. ‘సంతకం పెట్టేవారు ముందు ఒక పూట ఆ బండిలో కూర్చుని, గుంతల దారిలో తిరిగి రావాలి’ అని ఏ అమాయకపు కెప్టెనో ఏదో ఒకరోజు ప్రతిపాదిస్తాడు. ఈ పది సూత్రాలనూ ఒక్క దెబ్బతో చెడగొట్టగలిగింది ఆ ప్రతిపాదన ఒక్కటే. దాన్ని వెంటనే కమిటీకి పంపండి, ఆ రోజుకు మీరు సెలవు చీటీ రాసి పెట్టుకోండి.